పట్టాలు బరువు మోస్తే చాలు

ముందుగా ఒక చిన్న ప్రశ్న. నేల మీద గుండ్రంగా బొమ్మ రైలు పట్టాలు పరిచారు. వాటి మీద రెండు ఇంజన్లు పెట్టారు. ఒకటి నెమ్మదిగా ముందుకు పోవాలి, రెండోది కదలకుండా నిలబడాలి. ఎలా నడుపుతారు? "ఏముందీ, రెండు రిమోట్లు ఇస్తే సరి" అంటారు ఈ కాలం పిల్లలు. కరెంటు మాత్రం పట్టాల్లోంచే రావాలి అని ఒక్క షరతు పెట్టి చూడండి. అప్పుడు తెలుస్తుంది తమాషా.

ఈ ప్రశ్న దశాబ్దాల పాటు చాలామంది బుర్రలు తినేసింది. దానికి జవాబు వెతికే దారిలో టెలిఫోన్ రిలేలున్నాయి, "హ్యాక్" అనే మాట ఉంది, ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉంది, చివరికి మనందరి ఉద్యోగాలకీ సంబంధించిన ఒక కోర్టు తీర్పు కూడా ఉంది. నా దగ్గర 45 మిల్లీమీటర్ల గేజి ఆవిరి ఇంజను బొమ్మ ఒకటుంది. దాన్ని బ్యాటరీకీ, రేడియోకీ, శబ్దానికీ మార్చే పనిలో ఒక్కో భాగం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెనక్కి తవ్వుకుంటూ పోయాను. ఆ తవ్వకంలో దొరికిందే ఇది.

మొదట్లోనూ బ్యాటరీయే

1891లో జర్మనీ లైప్‌జిగ్ సంతలో మార్‌క్లిన్ కంపెనీ కీ ఇచ్చి నడిపే రైలు బొమ్మల్ని పట్టాలతో సహా పెట్టింది. పట్టాల వెడల్పుకి నంబర్లిచ్చి ఒక పద్ధతి పెట్టడం ఆ కంపెనీ చేసిన గొప్ప పని. ఈ ఏడాది రైలు కొంటే వచ్చే ఏడాది ఇంకో పెట్టె, ఇంకో నాలుగు పట్టాలు కొనుక్కోవచ్చు. బొమ్మ కాస్తా ప్లాట్‌ఫారం అయిపోయిందన్నమాట.

కరెంటు రైళ్ళు ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే అమెరికాలో వచ్చాయి. సిన్సినాటిలో కార్లైల్ అండ్ ఫించ్ కంపెనీ, న్యూయార్కులో లయొనెల్ కంపెనీ పెట్టిన జాషువా లయొనెల్ కోవెన్ తొలితరం వాళ్ళు. అప్పటికి చాలా ఇళ్ళలో కరెంటే లేదు. మరి రైలు ఎలా నడిచింది? బ్యాటరీ సెల్లతో. ఆ సెల్లు పెద్దవి, బరువైనవి. బుల్లి ఇంజనులో పట్టవు. అందుకని వాటిని పట్టాల పక్కన పెట్టి, వైర్లు పట్టాలకి తగిలించారు. చక్రాలు పట్టాల్లోంచి కరెంటు తీసుకుని మోటారుకి ఇచ్చేవి.

చూడటానికి చిన్న సర్దుబాటే. కానీ పట్టాకి రెండు ఉద్యోగాలు అంటగట్టేశారక్కడ. బండిని మోయడం ఒకటి, కరెంటు మోయడం ఇంకొకటి. నిజం రైలు పట్టా బరువు మోస్తుంది. బొమ్మ రైలు పట్టా వైరు పని కూడా చేస్తుంది. ఈ రెండో ఉద్యోగం ఊడబెరకడానికి వందేళ్ళు పట్టింది.

ఇళ్ళకి కరెంటు వచ్చాక బ్యాటరీ పోయి ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. లయొనెల్ 1906లో మధ్యలో మూడో పట్టా పెట్టింది. చూపుకి వికారం గానీ పనికొచ్చే ఉపాయం. రెండు పట్టాల పద్ధతిలో లైను చుట్టు తిరిగి తన మీదకే వస్తే ప్లస్సు వెళ్ళి మైనస్‌కి తగిలి షార్టవుతుంది. మూడు పట్టాలైతే అటూ ఇటూ ఒకటే కాబట్టి ఆ గొడవ లేదు. అసలు రైలులా కనపడాలని పట్టుబట్టినవాళ్ళు మాత్రం తర్వాతి కాలంలో రెండు పట్టాల డీసీకే మొగ్గారు. ప్లస్సూ మైనస్సూ తిప్పితే బండి వెనక్కి నడుస్తుంది. వోల్టేజి పెంచితే వేగం పెరుగుతుంది.

ఇక్కడే మన మొదటి ప్రశ్న మళ్ళీ వస్తుంది. ఈ పద్ధతిలో మీరు నడిపేది ఇంజనుని కాదు, పట్టాని. ఇంజనుకి సొంత బుద్ధి లేదు. పట్టాలో 6 వోల్టులుంటే 6 వోల్టుల పరుగు. పక్కన ఇంకో ఇంజను పెడితే అదీ అంతే. ఒకటి ఆగాలంటే లైనుని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకీ ఒక స్విచ్చి పెట్టి, రైలు ఏ ముక్కలోకి వస్తే ఆ స్విచ్చి నొక్కుతూ పరిగెత్తాలి. బల్ల కింద చూస్తే కేబుల్ టీవీ వాడి స్తంభంలా వైర్లే వైర్లు.

ఆ వైర్ల కింద పుట్టిన మాట

బల్ల కింద వైర్లంటేనే ప్రాణం పెట్టే కుర్రాళ్ళు ఎం.ఐ.టి.లో తగిలారు. 1946లో అక్కడ టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ పరిశోధన కోసం కట్టిన బిల్డింగ్ 20లో వాళ్ళ మకాం. క్లబ్బులో కొందరికి ఇళ్ళూ చెట్లూ రంగులూ ఇష్టం. ఇంకొందరికి రైలు ఎలా ఉందో పట్టదు, కింద స్విచ్చింగు ఎలా ఉందన్నదే లోకం. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిల్లో వాడే రిలేలు తెచ్చి, ఎవరి రైలు ఏ ముక్కలో ఉంటే ఆ ముక్క వాళ్ళ చేతికొచ్చేలా ఒక పెద్ద వలయం కట్టారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు "ది సిస్టమ్".

తెలివైన తిరకాసు పనిని "హ్యాక్" అనడం ఆ క్లబ్బు యాసే. 1959లో పీటర్ శామ్సన్ రాసిన క్లబ్బు నిఘంటువులో ఆ మాట కనిపిస్తుంది. ఆ కుర్రాళ్ళే తర్వాత టీఎక్స్-0, పీడీపీ-1 కంప్యూటర్ల దగ్గర తెల్లవార్లూ కూర్చున్నారు. 1962 నాటి "స్పేస్‌వార్" ఆట పీడీపీ-1 మీద వచ్చిందే. దాని కోసం చేతిలో పట్టుకునే కంట్రోల్ పెట్టెలు చేసింది కూడా రైలు క్లబ్బు సామాన్లతోనే. అంటే హ్యాకథాన్ అని మనం పిజ్జాలు తింటూ కూర్చుంటామే, దాని మూలపురుషుడు ఒక బొమ్మ రైలు బల్ల.

ఇంత చేసినా ఒక సంగతి మారలేదు. తెలివంతా బల్ల కిందే ఉంది. ఇంజను ఇంకా మొద్దుదే.

ఇంజనుకి బుద్ధి పుట్టడం

పట్టా ద్వారా ఇంజనుతో మాట్లాడొచ్చు అనే ఆలోచన అంతకుముందే ఉంది. 1935లో లయొనెల్ తెచ్చిన విజిల్ చూడండి. వాళ్ళ పట్టాల్లో నడిచేది ఏసీ. మీట నొక్కితే దాని మీదకి కొంచెం డీసీ కలుస్తుంది. టెండరులో ఉన్న రిలే ఆ డీసీని పసిగట్టి ఒక బుల్లి ఫ్యాను తిప్పుతుంది, ఆ గాలికి విజిల్ మోగుతుంది. పవర్ లైను మీదే సిగ్నల్ పంపడం! 1946లో అదే కంపెనీ పట్టాల్లోకి రేడియో పౌనఃపున్యాలు పంపి, పెట్టెల్లో రిసీవర్లు పెట్టి విడివిడిగా పనులు చేయించే సెట్టు కూడా తెచ్చింది. ఖరీదు ఎక్కువ, కొన్నేళ్ళకే ఆపేశారు.

1960ల తొలి సగంలో జనరల్ ఎలక్ట్రిక్ "ఆస్ట్రాక్" అని 5 ఛానళ్ళ పద్ధతి తెచ్చింది. 1979లో రెండు సంగతులు జరిగాయి. ఇంగ్లండులో హార్న్‌బీ "జీరో 1" పేరుతో 4 బిట్ల మైక్రోకంట్రోలరు ఉన్న పెట్టె అమ్మింది. అమెరికాలో కీత్ గుటిరెజ్ అనే ఆయన "మోడల్ రైల్‌రోడర్" పత్రికలో సీటీసీ-16 అని, ఇంట్లో సోల్డరింగ్ చేసి కట్టుకోగలిగే సర్క్యూట్ ప్రచురించడం మొదలుపెట్టాడు. రెండూ 16 రైళ్ళు నడిపేవే. ఒకటి కొనేది, ఇంకోటి కట్టుకునేది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

1980ల మధ్యలో మార్‌క్లిన్ డిజిటల్ వచ్చింది. తర్వాత బెర్న్డ్ లెంజ్ అనే జర్మన్ ఇంజనీరు కంపెనీ డీసీ రైళ్ళ కోసం ఇంకో డిజిటల్ పద్ధతి చేసింది. ఇలా ఎవడి భాష వాడిది అయిపోతుంటే అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ కల్పించుకుంది. ఒక కంపెనీ చక్రం ఇంకో కంపెనీ పట్టా మీద దిగడం లేదన్న బాధతో 1935లో అభిరుచిగాళ్ళు పెట్టుకున్న సంఘం అది. లెంజ్ పద్ధతిని ఆధారంగా తీసుకుని, మార్పులు చేసి, 1994 నాటికి అందరికీ తెరిచిన ప్రమాణంగా నిలబెట్టింది. అదే డీసీసీ.

డీసీసీ లోపలి సంగతి మనవాళ్ళకి భలే నచ్చుతుంది. పట్టాల్లో వోల్టేజి ఎప్పుడూ పూర్తిగానే ఉంటుంది, దాని దిశ మాత్రం టకటకా మారుతూ ఉంటుంది. ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు ఉంటే అది "1". 100 మైక్రోసెకన్లు, లేదా ఇంకా ఎక్కువ ఉంటే "0". ముందు వరసగా ఒకట్లు, తర్వాత ఇంజను చిరునామా బైటు, ఆజ్ఞ బైటు, చివర ఆ రెంటినీ ఎక్సార్ చేసిన తనిఖీ బైటు. ఇంజను "అందింది" అని తిరిగి చెప్పదు కాబట్టి చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెబుతూ ఉండాలి. యూడీపీతో పనిచేసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. ఇంజనులోని డీకోడరు తన చిరునామా వస్తే వింటుంది, లేకపోతే వదిలేస్తుంది. మొదటి ప్రశ్నకి జవాబు దొరికేసింది. ఒకే పట్టా మీద ఒకటి పోతుంది, ఒకటి నిలబడుతుంది.

అయితే పట్టాకి ఇప్పుడు మూడో ఉద్యోగం వచ్చిపడింది. బరువు, కరెంటు, పైన డేటా.

మురికి చేసిన విప్లవం

పట్టా మురికి పట్టిందనుకోండి. డీసీ రోజుల్లో లైటు మినుకుమని మళ్ళీ వెలిగేది, అంతే. డీసీసీలో చక్రం క్షణం పాటు పట్టు తప్పితే డీకోడరు రీసెట్ కావచ్చు. 1990ల మధ్య నుంచి శబ్దం డీకోడర్లు వచ్చాక సంగతి ఇంకా పచ్చిగా బయటపడింది. కన్ను చిన్న కుదుపుని క్షమిస్తుంది గానీ చెవి క్షమించదు. ఆవిరి ఇంజను హుందాగా రొప్పుతూ పోతూ మధ్యలో గుటుక్కున మింగేసి, మళ్ళీ మొదట్నుంచి స్టార్టయితే ఎలా ఉంటుంది? కెపాసిటర్లు పెట్టి కొంత నెట్టుకొచ్చారు.

ఆరుబయట ఈ బాధ పదింతలు. 1968లో జర్మనీలోని లేమన్ కంపెనీ ఎల్‌జీబీ పేరుతో తోటలో వేసుకునే పెద్ద రైళ్ళు తెచ్చింది. పట్టాల మధ్య 45 మిల్లీమీటర్లు, నమూనా 22.5వ వంతు. గుణించి చూస్తే దాదాపు మీటరు వస్తుంది, మీటర్ గేజి అన్నమాట. పట్టాలు ఇత్తడివి. ఎండకీ వానకీ ఇత్తడి నల్లబడుతుంది, ఆకులు పడతాయి, చీమలు పుట్టలు పెడతాయి. రైలు నడపాలంటే ముందు గరుకు కాగితం పట్టుకుని మోకాళ్ళ మీద పాకాలి. గంట తోమితే పావుగంట ఆట.

అప్పుడు తోట రైళ్ళవాళ్ళకి వచ్చిన ఆలోచనే అసలు మలుపు. పట్టా తోమడం ఎందుకు, పట్టానే ఉద్యోగంలోంచి తీసేస్తే పోలా? కరెంటు బ్యాటరీ ఇస్తుంది. మాట రేడియో మోస్తుంది. పట్టా బరువు మోస్తే చాలు. దీనికి అభిరుచిగాళ్ళు పెట్టుకున్న పేరు "డెడ్ రైల్". ఇత్తడి అక్కర్లేదు, చవక అల్యూమినియం చాలు. ఉచ్చు తిరిగే లైను షార్టవుతుందన్న భయం లేదు.

ఆలోచన పాతదే. 1898లోనే నికొలా టెస్లా న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రేడియోతో పడవ నడిపి చూపించాడు, లోపల ఉన్నది బ్యాటరీయే. రైలుకి అది ఆలస్యంగా రావడానికి కారణం సైజు. నికెల్-కాడ్మియం సెల్లు పట్టాలంటే వెనక ఒక పెట్టెని పూర్తిగా బ్యాటరీకే రాసివ్వాలి. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీలని మార్కెట్లోకి తెచ్చింది. వాటిని ముందు క్యామ్‌కార్డర్లూ ల్యాప్‌టాప్‌లూ ఫోన్లూ తినేశాయి, వాటి పుణ్యమా అని ధర దిగింది. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవున్న 18650 సెల్లు మూడు కలిపితే 11.1 వోల్టులు. టెండరులో హాయిగా పడతాయి.

రేడియోదీ అదే కథ. పాత 27, 72 మెగాహెర్ట్జ్ సెట్లలో క్రిస్టల్ మార్చి ఛానల్ ఎంచుకోవాలి. పక్కవాడు అదే ఛానల్ పెడితే మీ బండి వాడి మాట వింటుంది. 1985లో అమెరికా 2.4 గిగాహెర్ట్జ్ లాంటి పట్టీల్లో స్ప్రెడ్ స్పెక్ట్రమ్ రేడియోలని లైసెన్సు లేకుండా వాడనిచ్చింది. అదే పునాది మీద వైఫై వచ్చింది, 2000ల మధ్యలో బొమ్మ విమానాల రేడియోలూ అటు మారాయి. మన దేశంలో 2.4 పట్టీకి లైసెన్సు మినహాయింపు 2005లో వచ్చింది.

మార్చే పని

పని మొదలయ్యేది మల్టీమీటరుతో. ఇంజనుని చేత్తో పట్టుకుని చక్రాలు జారేదాకా నడిపించి ఎంత కరెంటు లాగుతుందో చూడాలి. నాది ఆంపియరున్నర దాకా లాగింది. కంట్రోలరు దానికి మించి తట్టుకోవాలి. తర్వాత చక్రాల నుంచి మోటారుకి వచ్చే వైర్లు పూర్తిగా తెంచాలి. లేకపోతే కరెంటున్న పట్టా మీద పెట్టినరోజు పొగే. టెండరులో ఫ్యాక్టరీవాళ్ళు పెట్టిన ఇనప బరువు తీసేస్తే ఆ జాగాలో బ్యాటరీ కూర్చుంటుంది, బరువూ సరిపోతుంది.

బ్యాటరీ నుంచి ఫ్యూజు, స్విచ్చి, ఛార్జింగ్ సాకెట్, ఆ తర్వాతే రిసీవరు. ఫ్యూజు మాత్రం తప్పనిసరి. లిథియం సెల్లు షార్టయితే నిప్పే. ఒక్కో సెల్లు 4.2 వోల్టులు దాటి నింపకూడదు, 3 దగ్గరికి దిగితే ఆపేయాలి. ఆ కాపలా పని చేసే బుల్లి బోర్డులు దొరుకుతాయి. 2600 మిల్లీ ఆంపియర్-అవర్ ప్యాకుతో, సగటున 600 మిల్లీ ఆంపియర్లు లాగితే లెక్క ప్రకారం నాలుగు గంటల పైమాటే.

ఇక శబ్దం. మామూలు రెండు సిలిండర్ల ఆవిరి ఇంజను చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు సార్లు "చుఫ్" మంటుంది. పిస్టను ముందుకి పోతున్నప్పుడొకటి, వెనక్కి వస్తున్నప్పుడొకటి, అలా రెండు వైపులా. అందుకని ఇరుసు మీద నాలుగు చిన్న అయస్కాంతాలు అంటించి, పక్కన సెన్సర్ పెడితే చప్పుడూ చక్రమూ తాళం తప్పవు. స్పీకరుని మూసిన డబ్బాలో పెట్టాలి. లేకపోతే వెనక వైపు గాలి ముందు వైపు గాలిని చంపేసి, కీచుమంటుంది. డీజిల్ అయితే లెక్క వేరు. కాజీపేట, గుత్తి ఆల్కో ఇంజన్లని విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ముందు ఇంజను గుండెలు అదిరేలా రంకె వేస్తుంది, చక్రం ఆ తర్వాత నింపాదిగా కదులుతుంది. శబ్దం కార్డు కూడా మోటారుని ఆ కాసేపు ఆపి ఉంచాలి.

ఎవరి చేతిలో రిమోటు

ఇంతవరకూ ఇది స్వాతంత్ర్యగాథలా ఉంది కదా. బుద్ధి పట్టా కింద నుంచి ఇంజనులోకి వచ్చింది, ఆకలి కూడా ఇంజనులోనే తీరుతోంది. కానీ ఒక మెలిక ఉంది. పట్టాకి ప్రమాణం ఉంది, డీసీసీకి ప్రమాణం ఉంది. బ్యాటరీ-రేడియో సెట్లకి మాత్రం ఒక్కో తయారీదారుడిది ఒక్కో సొంత భాష. నేను ముందు కొన్న రేడియో సెట్టు ఒక చిన్న కంపెనీది, పేరెందుకు లెండి. ఆ కంపెనీ మూతపడింది. రిమోటు పాడైన రోజున రిసీవరు ఉత్త ప్లాస్టిక్ ముక్క అయిపోయింది. ఇంజనుకి పట్టా నుంచి విముక్తి వచ్చింది గానీ, నాకు కంపెనీ నుంచి రాలేదు.

ఈ సమస్య కోర్టుదాకా వెళ్ళిన సందర్భం బొమ్మ రైళ్ళలోనే ఉంది. డీసీసీ డీకోడరులో వేగం, శబ్దం లాంటివన్నీ నంబర్లుగా సెట్ చేయాలి, ఒక్కో కంపెనీది ఒక్కో పట్టిక. బర్క్‌లీలో భౌతికశాస్త్రం చెప్పే రాబర్ట్ జాకబ్సన్, ఇంకా ఎందరో స్వచ్ఛందంగా కలిసి జావాలో జేఎంఆర్ఐ అనే సాఫ్ట్‌వేరు రాశారు. ఆ పట్టికలన్నీ ఫైళ్ళుగా రాసి ఆర్టిస్టిక్ లైసెన్సు కింద ఉచితంగా పెట్టారు. పోటీ సాఫ్ట్‌వేరు అమ్మే మాథ్యూ కాట్జర్ కంపెనీ ఒకటి, తన పేటెంట్లు వాడుకున్నారంటూ జాకబ్సన్‌కి 2 లక్షల డాలర్ల పైచిలుకు బిల్లు పంపింది. 2006లో ఆయన కోర్టుకెక్కాడు. ఆ కంపెనీ సాఫ్ట్‌వేరులోనే జేఎంఆర్ఐ ఫైళ్ళు, రాసినవాళ్ళ పేర్లు లేకుండా వాడారని తేలింది.

2007లో కింది కోర్టు జాకబ్సన్ అడిగిన నిషేధపుటుత్తర్వు ఇవ్వలేదు. లైసెన్సు మీరడం ఒప్పందం ఉల్లంఘన కావచ్చేమో గానీ కాపీరైటు నేరం కాదంది. ఒప్పందం అంటే నష్టం లెక్కగట్టాలి. ఊరికే ఇచ్చినదానికి నష్టం ఎంత? సున్నా! ఆ లెక్కన ఓపెన్ సోర్స్ లైసెన్సులన్నీ గోడ మీద రాసిన సుభాషితాలే. 2008 ఆగస్టు 13న ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. పేరు ఉంచాలి, మార్పులు చెప్పాలి అనేవి అనుమతికి పెట్టిన షరతులు, వాటిని దాటితే కాపీరైటు ఉల్లంఘనే అని తేల్చింది. డబ్బు చేతులు మారనంత మాత్రాన విలువ లేనట్టు కాదంది. 2010లో కేసు రాజీ అయింది, జాకబ్సన్‌కి లక్ష డాలర్లు ఇవ్వడానికి అవతలి పక్షం ఒప్పుకుంది.

మన ప్రాజెక్టుల్లో లీగల్ టీములు "ఈ లైబ్రరీ లైసెన్సు ఏంటి?" అని ప్రాణం తీస్తుంటాయి కదా. ఆ భయం వెనక ఉన్న పెద్ద తీర్పుల్లో జాకబ్సన్ వర్సెస్ కాట్జర్ ఒకటి. దాని మూలం ఒక బొమ్మ ఇంజను సెట్టింగుల ఫైలు.

అందుకని నా అభిప్రాయం ఇది. వైరు తీసేస్తే స్వేచ్ఛ రాదు. మాట్లాడే భాష తెరిచి ఉంటేనే వస్తుంది. అదృష్టం కొద్దీ మధ్యేమార్గం ఒకటుంది. బ్యాటరీ ఇంజనులోనే ఉంచి, డీసీసీ పాకెట్లనే పట్టాకి బదులు రేడియోలో పంపే సెట్లు ఉన్నాయి. అప్పుడు రేడియో కంపెనీ పోయినా రిసీవరు ఒక్కటి మారిస్తే చాలు. శబ్దం డీకోడరు, మోటారు, మీరు నెల రోజులు కూర్చుని సరిచేసుకున్న సెట్టింగులు అలాగే ఉంటాయి. డీసీసీ-ఇఎక్స్ లాంటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు కూడా ఉన్నాయి. సీటీసీ-16 రోజుల్లో సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నవాళ్ళ వారసులు వీళ్ళు. నా ఇంజను రెండోసారి విప్పినప్పుడు ఈ దారే పట్టించాను.

ఎవరైనా కొత్తగా ఇంజను మార్చాలనుకుంటే ఎన్ని వోల్టులు, ఎంత దూరం అందుతుంది, ఎన్ని చప్పుళ్ళు చేస్తుంది అని తప్పకుండా అడగండి. దానికి ముందు ఇంకొకటి అడగండి. ఈ కంపెనీ రేపు మూతపడితే నా ఇంజను ఎవరి మాట వింటుంది?